గుత్తికోట: గోడలును, నీళ్ళును

పండుగనాటికి గోడలకు సున్నము కొట్టింపవలెనని మనకెంత కోరిక యున్నను, ముందుగా నీళ్ళతొట్టికి బీటలున్నవేమో చూచుకొందుము. గోడ వన్నె తగ్గినను సంసారము సాగును. కడవ వట్టిపోయినచో ఒక్క పూటయు సాగదు. ఇల్లాండ్రమందర మెఱిగిన యీ చిన్నమాట మహాదుర్గములకును వర్తించునని నాకు గుత్తికోటను చూచిననాడు బోధపడినది.

మావారు ఉపాధ్యాయులు. వారు పాఠశాల బాలురను కోట చూపింప దీసికొనిపోవుచుండగా నేనును వెంట వెళ్ళితిని. అనంతపురము జిల్లాలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును, అదియును నమ్మరానిది. అట్టి మెట్టభూమిలో, ఎఱ్ఱచేల నడుమ, చుట్టునున్న నేలకంటె దాదాపు 300 మీటర్ల యెత్తున నల్లని బండకొండ నిలిచియున్నది. దానిపైనే కోట.

ఈ కోట ఒకనాడు ఒకరు కట్టినది కాదు. తాతలనాటి యింటికి ఒక తరమువారు వసారా దించి, మరియొక తరమువారు మిద్దె వేసినట్లు, వచ్చిన ప్రభువెల్ల దీనికి కొంత చేర్చుచు వచ్చెను. ఇచ్చటి శాసనములలో మిక్కిలి పాతవి కన్నడమున నున్నవి. 1076 మొదలు 1126 వరకు ఏలిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని నాటివి. పిదప విజయనగర రాజుల కాలము వచ్చినది. మొదటి బుక్కరాయలనాటి శాసనము దీనిని దుర్గములకెల్ల రాజని పొగడినది. 1565లో విజయనగరమునకు చేటు మూడిన తరువాత, కొంతకాలమునకు ఇది గోలకొండ సుల్తానుల వశమయ్యెను. 18వ శతాబ్ది మధ్యభాగమున మహారాష్ట్ర సేనాని మురారిరావు ఘోర్పడే దీనిని తన నివాసముగా జేసికొని బాగుచేయించెను.

కట్టడపు తీరు చూడదగినది. నడుమ నిటారుగా నున్న కొండపై పైకోట. చుట్టునున్న గుట్టలను కలుపుచు కట్టిన ప్రాకారములు. ఆ వలయములోపల ఊరు. కోట శంఖాకృతిగా నున్నదనియు, దీనికి 15 ముఖద్వారములు కలవనియు చెప్పుదురు. దారి మలుపులు తిరుగుచు ద్వారము వెంట ద్వారముగా పైకి బోవును. పెద్దబండ యడ్డుపడినచోట దానిని తొలగింపక గోడలో నొక భాగముగా జేసికొనిరి. పైన ధాన్యాగారముల శిథిలములు కలవు. కొండ యంచున మురారిరావు గద్దె యను చిన్న సున్నపు మండపము నేటికిని నునుపుగా మెఱయుచున్నది. బాలురందరు దానియొద్దకే పరుగెత్తిరి.

నేను మాత్రము దొనలయొద్ద నిలిచిపోయితిని. బండలను తొలిచి, చరియలకు కట్టలు కట్టి, కురిసిన వాననీటిని జారిపోనీయక నిలిపిన తావులవి. బావులును కలవు. కొండమీదికి ఏఱు రాదు. ఆకాశ మిచ్చినదే నీరు. కావున ఈ కోట ప్రాణము బురుజులలో లేదు, ఈ దొనలలో నున్నది.

1776లో ఈ సంగతి రుజువయ్యెను. హైదరాలీ ముట్టడించి క్రిందిపట్టణమును గైకొనగా, జనులును పశువులును పైకోట చేరిరి. ఫిరంగులకు లొంగని కొండ దాహమునకు లొంగవలసివచ్చెను. నీరు తఱుగగా మురారిరావు సంధి కోరి, కొంత ధనమును నగలును పంపి, మిగిలినదానికి ఒక యువకుని జామీనుగా నుంచెను. శత్రువుల విందులో ఆ యువకుడు నోరుజారి, పైకోటలో మూడుదినములకు చాలు నీరు మాత్రమే మిగిలియుండెనని చెప్పివేసెనట! హైదరు నెపము వెదకి మరల ముట్టడి సాగించెను. కోట లోబడెను. మురారిరావు కబ్బాళదుర్గపు చెఱలోనే కన్నుమూసెను.

తరువాతి కథ కొద్దిమాటలలో ముగియును. 1799లో టిప్పు పతనమైన పిదప ఈ సీమ నిజాముచేతికి పోయి, 1800లో కంపెనీవారిది యయ్యెను. ఈ దత్తమండలములను పాలించిన మన్రో 1827లో పత్తికొండయొద్ద విషూచిచే మరణింపగా, మొదట గుత్తిలోనే పాతిపెట్టిరి. తరువాత అస్థికలను మదరాసునకు గొనిపోయిరి. ఫిరంగులు బలిసి, రాజ్యములు పెద్దవైన పిదప కొండకోటలతో పనిలేకపోయెను. గోడకు గోడ చేర్చువారును లేకపోయిరి.

గోడలు కట్టించిన ప్రభువుల పేర్లు శాసనములలో నున్నవి. ముట్టడినాళ్ళలో దొన యడుగుననున్న నీటిని చెంబుతో తోడి, బిడ్డకెంత, ముసలివారికెంతయని పంచియిచ్చిన స్త్రీల పేర్లు ఎచ్చటను లేవు. మూడుదినముల నీరని యువకుడు చెప్పినలెక్క వారికి ముందే తెలిసియుండునని నా నమ్మకము. కడవ యడుగు చూచువా రెవరో మనకు తెలియనిదా?

దిగివచ్చునప్పుడు కొండక్రింద బిందెతో ఎదురైన యొక యవ్వను, "పైన నీళ్ళున్నవా అమ్మా?" అని నేనడుగబోవునంతలో ఆమెయే నన్నడిగినది. అడుగున కొంచెము పాచినీరును, పూడికయును చూచితినని చెప్పితిని. "పూడిక తీయనిది నీళ్ళెట్లు నిలుచును?" అని ఆమె సాగిపోయినది.

సోదరీమణులారా, మీరు గుత్తికి వెళ్ళినచో బిడ్డలకు గద్దెను తప్పక చూపుడు. కాని అంతకుముందు దొనలను చూపుడు. ఇల్లు చేరినపిమ్మట మీ యూరి చెరువును, బావిని ఒకసారి తొంగిచూడుడు. వానకు ముందే పూడిక తీయింపుమని ఇంటి పురుషులకు చెప్పుట మనకు చేతకాని పని కాదు.