కూలర్లో లవంగ నూనె వేస్తే డెంగీ దోమ ఆగుతుందా?

వానలు మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ చిట్కా తిరుగుతూనే ఉంటుంది. "కూలర్లో నాలుగు చుక్కలు నిమ్మగడ్డి నూనె వేయండి, దోమ పిల్లలు ఖతం!" పూర్తిగా అబద్ధమైతే కొట్టిపారేసేవాళ్లం. చిక్కేంటంటే, ఇందులో సగం నిజం ఉంది.

డెంగీని మోసే ఈడిస్ దోమ లార్వాలను లవంగ, నిమ్మగడ్డి, సిట్రొనెల్లా నూనెలు ల్యాబ్‌లో నిజంగానే చంపుతాయి. 24 గంటల్లో సగం లార్వాలు చావడానికి లీటరు నీటికి 100 మిల్లీగ్రాముల లోపు సరిపోతే, ఆ నూనె పనికొస్తుందని పరిశోధకులు సాధారణంగా లెక్కేస్తారు.

ఇప్పుడు మన కూలర్ లెక్క చూద్దాం. 40 లీటర్ల నీళ్లకు ఆ చొప్పున 4 గ్రాములు కావాలి. అంటే 10 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు సగం. అంత పోసినా చచ్చేది సగమే అనుకోండి, మరి నాలుగు చుక్కలు ఏ మూలకి?

పైగా నూనె నీళ్లలో కలవదు. దానికి అంత ఘాటు వాసన ఎందుకొస్తుంది? గాల్లోకి ఎగిరిపోతుంది కాబట్టే. ఫ్యాన్ వేస్తే ఇంకా తొందరగా పోతుంది. ల్యాబ్‌లోనైతే ద్రావకంలో కలిపి మరీ వేస్తారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, డెమోలో అదిరింది, ప్రొడక్షన్‌లో పడుకుంది.

అలాగని ఈ పరిశోధనలు దండగ కాదు. నీళ్లలో కలిపే టెమీఫాస్ మందుకు చాలా దేశాల్లో దోమలు అలవాటు పడిపోయాయి. ఒక్కో నూనెలో రకరకాల రసాయనాలు ఉంటాయి కాబట్టి, వాటన్నిటికీ ఒకేసారి అలవాటు పడటం దోమకు కష్టమని ఆశ. అందుకే నీళ్లలో బాగా కలిసేలా, మెల్లగా విడుదలయ్యేలా నానో ఎమల్షన్లు తయారుచేస్తున్నారు.

నేచురల్ కదా అని తాగే నీళ్లలో మాత్రం వేయకండి. లవంగ నూనె చేపలకు మత్తెక్కిస్తుంది. నీలగిరి తైలం పిల్లలు మింగితే ప్రమాదం.

గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి కూలర్, కుండీ కింది ప్లేట్లు ఖాళీ చేయాలి. నీళ్లు పారబోస్తే సరిపోదు, ఈడిస్ గుడ్లు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. బ్రష్‌తో గట్టిగా రుద్దాల్సిందే. ఖాళీ చేయలేని సంపు, ట్యాంకులకు మూత బిగించి, ఓవర్‌ఫ్లో పైపుకి జాలీ కట్టండి.