ఆంగ్లవ్యాసమునకు మార్కు లెట్లు పడును?

దిద్దిన వ్యాసపుస్తకములు తరగతిలో పంచిపెట్టు దినమున విద్యార్థులు మొట్టమొదట చూచునది వ్యాసము క్రింద నున్న అంకెను. పిదప ప్రక్కవాని అంకెను. అంచులందు ఉపాధ్యాయుడు వ్రాసిన మాటలను చదువువారు మిక్కిలి అరుదు. "వానికి 7, నాకు 5. ఏల?" అను ప్రశ్న మాత్రము ఇంటివఱకు పోయి, తల్లిదండ్రుల నోట తిరిగి పాఠశాలకు వచ్చుచుండును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కావున ఆంగ్లవ్యాసములను దిద్దు విధమును, అందలి కష్టమును దాపఱికము లేక తెలుపుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా నా పొరపాటొకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన వ్యాసపుస్తకము కానరాలేదని చెప్పి, తనయొద్ద నున్న చిత్తుప్రతినిబట్టి ఆ వ్యాసమునే కాగితములపై తిరిగి వ్రాసి యిచ్చెను. నేను దానికి 10 మార్కులకు 7 వేసితిని. వారము దినములు గడచిన పిమ్మట ఆ పుస్తకము నా బీరువాలోని కట్టలోనే దొరకెను. తెఱచి చూడగా, అదే వ్యాసము క్రింద నా చేతి యెఱ్ఱసిరాతోనే 5 అని యున్నది! సిగ్గుపడి, ఆమెను పిలిచి రెండును చూపితిని. ఆమె కోపింపక, "మాస్టరుగారూ, ఈ రెంటిలో నా మార్కు ఏదండీ?" అని యడిగెను. ఆనాడు నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఈ లోపము నా యొక్కనిదే యనుకొంటిని. కాని విద్వాంసులు దీనిని చిరకాలమునుండి పరిశోధించుచున్నారని పిదప తెలిసికొంటిని. 1912 సంవత్సరమున అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అను నిద్దఱు ఉన్నతపాఠశాల విద్యార్థులు వ్రాసిన రెండు ఆంగ్లపరీక్షాపత్రములకు ప్రతులు తీయించి, అనేక పాఠశాలలకు పంపిరి. 142 మంది ఉపాధ్యాయులు వానిని దిద్దిరి. అందొక పత్రమునకు 100 మార్కులకుగాను ఒకరు 64 వేయగా వేఱొకరు 98 వేసిరి. రెండవ పత్రమునకు వచ్చిన భేదము ఇంతకంటెను ఎక్కువ.

1961లో ఆ దేశముననే డీడెరిక్, ఫ్రెంచ్, కార్ల్‌టన్ అనువారు కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థుల వ్యాసములను 300 సేకరించి, 53 మంది విద్యావంతులచే చదివించిరి. వారిలో ఆంగ్లోపాధ్యాయులు, న్యాయవాదులు, శాస్త్రజ్ఞులు, పత్రికాసంపాదకులు, వ్యాపారులు కలరు. 1 మొదలు 9 వఱకు శ్రేణు లేర్పఱచి, మీకు తోచినట్లు వేయుడని చెప్పిరి. 101 వ్యాసములకు ఆ తొమ్మిది శ్రేణులును పడినవి! అనగా ఒకే వ్యాసము ఒకరికి అత్యుత్తమముగను, మఱొకరికి అత్యధమముగను తోచినదన్నమాట.

ఇందుకు కారణమేమి? చదివినవారు అజ్ఞానులు కారు, పక్షపాతులును కారు. పరిశోధకులు వారి మార్కులను, వ్యాఖ్యలను పోల్చి చూడగా, వారిలో అయిదు విధములైన మొగ్గు కనబడినది. కొందఱు భావములకు, కొందఱు వ్యాకరణశుద్ధికి, కొందఱు విషయముల అమరికకు, కొందఱు పదములకు, కొందఱు వ్రాసినవాని సొంత ధోరణికి ప్రాధాన్యము నిచ్చిరి. అందఱును నిజాయితీతోనే తూచిరి. కాని యెవరి త్రాసు వారిది.

కావున న్యాయము కావలెనన్నచో దిద్దుటకు ముందే త్రాసును నిర్ణయించుకొనవలెను. నేనిప్పుడు 10 మార్కులను ఇట్లు పంచుచున్నాను: భావములకు 3, అమరికకు 2, పదప్రయోగమునకు 2, వ్యాకరణము, వర్ణక్రమము, విరామచిహ్నములు మూడింటికి కలిపి 3. ఈ పంపకమును వ్యాసమిచ్చునపుడే నల్లబల్లమీద వ్రాయుదును.

ఒక యుదాహరణము. "మా ఊరి సంత" యను విషయముపై ఇద్దఱు బాలురు వ్రాసిరనుకొందము. మొదటివాడు, సంతలు ప్రజలకు మిగుల నుపయోగకరములనియు, అచ్చట అన్ని వస్తువులు దొరకుననియు, ఏ గైడులోనో చదివిన మాటలను ఒక్క తప్పును లేక అప్పగించెను. రెండవవాడు తన నాయనమ్మ ఆదివారపు సంతలో చింతపండు బేరమాడిన తీరును, అణగిన త్రాసును చూచి ఆమె తూనికరాళ్లను చేత బట్టి పరీక్షించిన తీరును వరుసగా చెప్పెను; కాని తప్పులు పెక్కు చేసెను. మొదటివానికి భావములకు 1, అమరికకు 1, పదములకు 1, శుద్ధతకు 3, వెరసి 6. రెండవవానికి 3, 2, 1, 1, వెరసి 7. తప్పులు లేనివానికంటె తప్పులున్నవానికి ఎక్కువ వచ్చుట వింతగా దోచును గాని, వ్యాసమనగా తప్పులు లేకుండుట మాత్రమే కాదు, చెప్పదగినదొకటి యుండవలెను.

తప్పులందును తారతమ్యము కలదు. మన తెలుగులో "ఎ, ఆన్, ది" యను వానికి సరియైన పదములు లేవు. కావున వానిని విడుచుట మనవారికి సహజము. "నాకు ఇద్దఱు అన్నదమ్ములు కలరు" అనుటకు "ఐ హేవ్ టూ బ్రదర్స్" అనక "ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్" అని వ్రాయుదురు. ఒకే విధమైన తప్పు పదిమాఱులు వచ్చినను, దానిని ఒక తప్పుగనే లెక్కింతును. అది నేర్చుకొనవలసిన పాఠమొకటే గాని పది కావు.

ఉపాధ్యాయుడు తనను తాను కాచుకొనవలసిన తావులును కలవు. చక్కని దస్తూరి సామాన్యమైన భావమునకు మెఱుగు పెట్టును. ఉత్తమమైన వ్యాసము చదివిన వెంటనే చేతికి వచ్చిన మధ్యమవ్యాసము అధమముగా కనబడును. పేరు చూడగానే ఆ విద్యార్థి పూర్వపు మార్కులు జ్ఞప్తికి వచ్చును. అందుచేత పేరున్న అట్టను వెనుకకు మడిచి, మొదటిమాఱు ఎఱ్ఱసిరా ముట్టక చదివి, రెండవమాఱు దిద్దుచున్నాను. సందేహము కలిగినచో, నా అంకెను చూపక సహోపాధ్యాయుని కిచ్చుచున్నాను.

ఆ బాలిక వ్యాసమును గూడ అట్లే యిచ్చితిని. ఆయన 6 వేసెను; అదియే పట్టికలో వ్రాసితిని. కాని ఇంకొక సంగతి చెప్పక విడిచితిని. ఆ రెండు ప్రతులను ప్రక్కప్రక్కన బెట్టి చూచినపుడు అంకెలు వేఱుగా నున్నను, మూడవ పేరాకు ఎదురుగా రెంటిలోను నేను వ్రాసిన మాట ఒకటే: "ఇచ్చట దృష్టాంతము కావలెను." నా సహోపాధ్యాయుడును ఆ తావుననే గీత గీచెను. ఆ గీతను చూపినపుడు ఆమె, "అయితే ఇది నిజముగా లోపమేనండీ" అని, ఆ సాయంకాలమే ఆ పేరాను తిరిగి వ్రాసి తెచ్చెను.

విద్యార్థులారా! అంకె యొక మనుష్యుని తీర్పు. అది ఒకటి రెండు మార్కులు అటునిటు కావచ్చును. అన్యాయమని తోచినచో మర్యాదతో అడుగుడు. అడుగుట తప్పు కాదు. కాని అడుగుటకు ముందు అంచునందలి మాటలను చదువుడు. తల్లిదండ్రులారా! "ఎన్ని వచ్చినవి?" అని యడుగుటతో నిలువక, "మాస్టరుగారు ఏమని వ్రాసిరి?" అనియు అడుగుడు. వచ్చు వ్యాసమును బాగుచేయునది ఆ రెండవ ప్రశ్నయే.