‘కేసు ఖర్చు నాది.. గెలిస్తే వాటా’ అంటే ఒప్పుకోవచ్చా?
భూసేకరణ పరిహారం చాలలేదని కోర్టుకెళ్దామనుకున్నారు, చేతిలో డబ్బుల్లేవు. ‘ఖర్చంతా నేను పెట్టుకుంటా, గెలిస్తే నాకింత ఇవ్వండి’ అంటూ ఒకరు వచ్చారు. సంతకం చేయొచ్చా?

ఆ వచ్చింది ఎవరన్నదే ముందు చూడాలి. మీ లాయరే అయితే కుదరదు. గెలుపును బట్టి ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా.. రెండూ బార్‌ కౌన్సిల్‌ నిబంధనలకు విరుద్ధం. లాయర్‌ కాని బయటివారికి ఆ అడ్డు లేదని 2018లో ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది. ఇలాంటి ఒప్పందాలను తప్పుపట్టే ఇంగ్లండ్‌ చట్టం మన దేశంలో వర్తించదని ప్రివీ కౌన్సిల్‌ 1876లోనే తేల్చింది. కాకపోతే ఓ మెలిక పెట్టింది: అవతలివారి అవసరాన్ని ఆసరా చేసుకుని దోపిడీకి దిగితే ఆ ఒప్పందం చెల్లదు. ఎంత వాటా దాటితే దోపిడీ? చట్టంలో అంకె లేదు, కోర్టే చూసి చెప్పాలి.

ఓడితే మీరు తిరిగి కట్టాలా? ప్రతివాది ఖర్చులు మీపై పడితే ఎవరు భరిస్తారు? మీరు రాజీకి సిద్ధమైతే ఆయన అడ్డుపడొచ్చా? ఇవన్నీ కాగితంపై ఉండాలి. చివరిదైతే మరీ ముఖ్యం. ఖాళీ స్టాంపు పేపర్లపై, జీపీఏపై మాత్రం సంతకం పెట్టొద్దు.

అన్నట్టు.. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ముందు 15100కు ఫోన్‌ చేయండి.