మీకు తెలుసా? నీడలోనూ రంగులీనే కోలియస్

చెట్ల నీడన పూలమొక్కలు సరిగా పూయని చోట ఆకుల రంగులతోనే తోటకు నిండుదనం తేవచ్చు. అందుకు మేలైన ఎంపిక కోలియస్, అంటే ఆగ్నేయాసియా నుంచి ఆస్ట్రేలియా దాకా సహజంగా పెరిగే, తులసి కుటుంబానికే చెందిన పొట్టి మొక్క. దీని కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూస్తే తులసి కొమ్మలాగే నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకుల ఎరుపు, ఊదా వన్నెలకు మూలం ఆంథోసయనిన్, అనగా కణరసంలో కరిగి ఉండే వర్ణద్రవ్యం. మండుటెండలో చాలా రకాల ఆకులు వెలిసిపోతాయి, చిక్కటి నీడలో రంగు మందగించి కాడలు సాగిపోతాయి గనుక, ఉదయపు లేత ఎండ తగిలి మధ్యాహ్నం నీడపట్టున ఉండే తావే దీనికి తగినది. పూవెన్ను కనిపించగానే గిల్లివేస్తే మొక్క బలం విత్తనాలకు పోకుండా ఆకులకే దక్కుతుంది. కత్తిరించిన కొమ్మ నీళ్లలో ఉంచినా వేళ్లు వేస్తుంది.