ఏళ్ల తరబడి కోసుకునే ఆకు

విజయవాడలో కేల్ అనే ఆకుకూరను ఎలా పెంచాలని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. మిద్దెతోటల వాళ్లే కాదు, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులూ అడుగుతున్నారు. అక్కడ మన పిల్లలు కేల్‌తో పప్పు వండుకుంటున్నారు, పచ్చడి నూరుకుంటున్నారు. మా అమ్మాయి కిందటిసారి వచ్చినప్పుడు, "అమ్మా, ఒకసారి నాటితే ఏళ్లపాటు కోసుకునే కేల్ రకాలున్నాయి. మన పెరట్లోనూ వేద్దామా?" అంది. కానూరులో మాకున్నది కాస్తంత పెరడు. బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన దగ్గర్నుంచి నా పొద్దంతా అందులోనే. అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

కేల్, క్యాబేజీ, కాలీఫ్లవర్ మూడూ శాస్త్రం ప్రకారం ఒకే జాతి మొక్కలు. వీటి పుట్టిల్లు ఐరోపా సముద్రతీరం. మామూలు కేల్ చలికాలం గడిచాక పూత పూసి, గింజ కట్టి, అంతటితో చచ్చిపోతుంది. డాబెంటన్ లాంటి పాతకాలపు రకాలు మాత్రం పూతకు పెద్దగా పోవు. పక్క కొమ్మలు వేస్తూ కొన్నేళ్లు నిలుస్తాయి. వాటిని కొమ్మ ముక్కలు నాటే పెంచుతారు. కశ్మీరీలు రోజూ వండుకునే హాక్ ఈ జాతిదే. కెన్యా కొండప్రాంతాల్లో సుకుమా వికీ పేరుతో పేదాగొప్పా తినేదీ దీని దగ్గరి చుట్టమే. అన్నిటికీ కావలసింది చల్లదనం. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అక్టోబరులో గింజ వేస్తే సంక్రాంతికి కేల్ ఆకు కోసుకోవచ్చు, శివరాత్రి దాటాక పేనుబంక పట్టి ముడుచుకుపోతుంది. చలికాలపు కూరగా వేసుకుంటే బాగానే ఉంటుంది. ఏళ్లపాటు ఉంచాలంటే మాత్రం ఇది దాని నేల కాదు.

డాబెంటన్ లాంటి కేల్‌లో అందరూ మెచ్చుకునే గుణం, ఒకసారి నాటితే మళ్లీ విత్తే పని లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆకు ఇవ్వడం. ఆ గుణమున్న మొక్కలు మన డెల్టాలో తరతరాలుగా ఉన్నాయి. వాటిలో నా మొదటి ఓటు తీగబచ్చలికి.

బచ్చలిని తోటకూరలా వేళ్లతో పీకి కట్టలు కట్టనక్కర్లేదు. జానెడు తీగ ముక్క, మూడు కణుపులున్నది తీసుకుని, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి. వానాకాలమైతే వారం పది రోజుల్లో వేరు పోసుకుంటుంది. ఎర్రకాడ, తెల్లకాడ రెండూ మంచివే. ఎర్రది చూపుకు బాగుంటుంది, పప్పుకు తెల్లదే మెత్తన. డెల్టా రేగడి మట్టి వానకు బంకలా అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు తీస్తుంది. అందుకని గుంటలో రేగడికి సమానంగా ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. మిద్దె మీదైతే పెద్ద తొట్టి కావాలి. చిన్న కుండీలో వేస్తే వేసవిలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా తీగ వాడిపోతుంది.

ఆకు కోసేటప్పుడు కొందరు ముదురాకులు గిల్లి చివళ్లను వదిలేస్తారు. చివరనే మూరెడు తుంచండి. తుంచిన చోటికి కింద కణుపుల నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి, తీగ గుబురుగా అల్లుకుంటుంది. పగటిపొద్దు తగ్గే చలికాలంలో బచ్చలి పూతకు దిగుతుంది, ఆకు చిన్నదవుతుంది. చాలామంది అప్పుడే ముసలిదైపోయిందని పీకి పారేస్తారు. అలా పీకొద్దు. పూత కాడలు తుంచేసి, తీగను మోకాలెత్తుకు కత్తిరించి, మొదట్లో ఎరువు వేస్తే ఎండాకాలం ముందే మళ్లీ లేస్తుంది. ఆకుల మీద ఎర్ర అంచుతో గుండ్రటి మచ్చలు కనబడితే ఆ ఆకులు ఏరేసి, నీళ్లు మొదట్లోనే పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో కొబ్బరిచెట్టు నీడో, పాత చీర పందిరో ఉంటే చాలు. ఆవ పెట్టిన కంద బచ్చలి పడని పెళ్లి విస్తరి ఒకప్పుడు మా వైపు ఉండేది కాదు. మజ్జిగ పులుసులో, పప్పులో, శనగపిండి బజ్జీల్లో ఎందులోనైనా ఒదిగిపోతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్న వాళ్లు మాత్రం డాక్టరును అడిగే తినాలి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ.

బచ్చలి తర్వాత నా ఓటు పొన్నగంటి కూరకు. దానికి చెమ్మ ఉంటే చాలు. వరి గట్ల మీద, కాలవ ఒడ్డున దానంతటదే పాకుతుంది. అక్కడివి కోసుకొచ్చి వండుకునే వాళ్లను చూస్తే నాకు దిగులు. పొలం గట్టు మీద కలుపుమందు పడి ఉంటుంది. విజయవాడ మధ్యగా పారే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఒడ్డుల్లో మురుగు చేరుతోంది. ఆ మురుగులో ఉన్నది ఆకులోకీ చేరవచ్చు. శుభ్రమైన చోటు నుంచి నాలుగు కాడలు తెచ్చి, ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు పడే చోట గుచ్చండి.

ఏళ్లపాటు ఆకు ఇచ్చే చెట్లూ ఉన్నాయి, మునగ, అవిసె. కానీ నీటి సంగతి చూసుకోకుండా మునగ పెట్టొద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అక్కడ మాకు తెలిసిన వాళ్ల పెరట్లో ఏపుగా ఉన్న మునగ వేరు కుళ్లి పడిపోయింది, గోడవారనున్న అవిసె నిలబడింది. మునగకు మట్టి ఎత్తుగా పోసి, ఆ దిబ్బ మీద నాటాలి. అవిసె కొంత ముంపును ఓర్చుకుంటుంది. తమలపాకు తోటల్లో తీగలకు ఆసరాగా పెంచే చెట్టు అదే. చిక్కుడు కుటుంబానిది కాబట్టి గాలిలోని నత్రజనిని నేలకూ ఇస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల అవిసె ఆకులో కాల్షియం 900 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కాస్త చేదు. పెసరపప్పు, కొబ్బరి వేస్తే పిల్లలూ తింటారు. మునగను ఛాతీ ఎత్తు దాటనివ్వకుండా నరుకుతూ ఉంటే ఆకు చేతికందుతుంది. వానల్లో మునగ కాండానికి గుంపుగా పట్టే బొచ్చు పురుగులను చేత్తో ముట్టుకోవద్దు.

మల్టీవిటమిన్ ఆకు పేరుతో నర్సరీల్లో అమ్మే చక్రముని కూడా ఏళ్లపాటు నిలిచేదే. వండుకుని కొద్దిగా తినండి, పచ్చి రసం మాత్రం తాగొద్దు. 1990లలో తైవాన్‌లో బరువు తగ్గాలని ఆ రసం రోజూ తాగిన వాళ్లలో చాలామందికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి.

ఇక వండే సంగతి. ఏ ఆకైనా పెద్ద మంట మీద గంటసేపు ఉడికిస్తే అందులోని ఫోలిక్ యాసిడ్ చాలావరకు పోతుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల 1945లో కృత్రిమంగా తయారుచేసింది ఈ విటమిన్‌నే. గర్భిణులకు అది ఎంత అవసరమో ఇప్పుడు ప్రతి ఆసుపత్రిలోనూ చెబుతున్నారు. పప్పు ఉడికాక చివర్లో ఆకు వేసి, మూత పెట్టి, మెత్తబడగానే దించండి. తినేముందు నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఈ తొలకరికి పక్కింటి వాళ్లను ఒక బచ్చలి తీగ అడగండి. మీది అల్లుకున్నాక ఇంకో ఇంటికి ఇవ్వండి.