పెన్సిలు పట్టి ఎన్నాళ్లయింది?



చిన్నప్పుడు మనమందరం బొమ్మలు గీసినవాళ్లమే. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు. పదేళ్లు దాటేసరికి గీసింది అసలు వస్తువులా లేదని మనకే అనిపించింది, లేదా ఎవరో నవ్వారు. అంతటితో మానేశాం. "నాకు బొమ్మలు రావండీ" అనే మాట మాత్రం మనతో ఉండిపోయింది.

"నిద్ర పట్టడం లేదు, మనసు కుదురుగా ఉండటం లేదు" అనేవారిని ఆసుపత్రిలో తరచు చూస్తుంటాం. రోగులే కాదు, వారి పక్కన కూర్చున్న ఇంటివాళ్లు కూడా ఈ మాటే చెబుతారు. అలాంటివారు మళ్లీ పెన్సిలు పట్టి చూడాలని మా కోరిక.

ఎలా మేలు చేస్తుంది?

ఆందోళన కలిగినప్పుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. కొద్దిసేపైతే అది అవసరమే. చాలాకాలం అలాగే ఉంటే రక్తపోటు, రక్తంలో చక్కెర పెరగవచ్చు, నిద్ర చెడిపోవచ్చు.

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది పెద్దలకు కాగితాలు, రంగు పెన్నులు, మట్టి ఇచ్చి, 45 నిమిషాలు ఇష్టమొచ్చినట్లు ఏదైనా చేయమన్నారు. ముందూ తరువాతా లాలాజలం పరీక్షిస్తే, సుమారు నలుగురిలో ముగ్గురికి కార్టిసాల్ తగ్గింది. ఇది చిన్న పరిశోధనే. కానీ ఇందులో బొమ్మలు వేసే అలవాటు ఉన్నవారికీ లేనివారికీ తేడా కనబడలేదు. అంటే బొమ్మ బాగా రావాలన్న నియమం లేదు.

1938లో ఇంగ్లండు చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయవ్యాధితో శానిటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు గీస్తూ ఊరట పొందాడు. తరువాత తోటి రోగులచేత కూడా గీయించాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రాలు వేయడంలో నిమగ్నమైంది అరవై దాటిన తరువాతే.

ఎలా మొదలుపెట్టాలి?

1. పాత నోటుపుస్తకం, పెన్సిలు చాలు. రబ్బరు పక్కన పెట్టండి.

2. ఎదురుగా ఉన్న గ్లాసునో, చెప్పునో, అరటిపండునో చూసి నెమ్మదిగా గీయండి. చూపు ఆ వస్తువు అంచు వెంబడి నడుస్తుంటే, మనసు కాసేపు దిగులును వదిలిపెడుతుంది.

3. ఏమీ తోచకపోతే ముగ్గు వేయండి. చుక్కలు కలపడం తెలిసిన చేతికి గీత కొత్త కాదు.

4. రోజుకు పది నిమిషాలు చాలు. మంచి వెలుతురులో, వీపు ఆనించి కూర్చోండి. వేళ్లు నొప్పిగా ఉంటే పెన్సిలుకు గుడ్డ చుట్టి లావుగా చేసుకోండి.

ఒక హెచ్చరిక

ఇది మందులకు బదులు కాదు. బి.పి., షుగరు మాత్రలు మానకండి. దిగులు రెండు వారాలకు మించి ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరును కలవండి. బ్రతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, వెంటనే ఇంట్లోవారికి చెప్పి ఆసుపత్రికి రండి.

ఈరోజే ఒక బొమ్మ గీయండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, ఎవరికీ చూపించనక్కరలేదు. కింద తేదీ వేసి దాచుకోండి, రేపు మరొకటి గీయండి.