సరౌండ్ సౌండ్ డిస్క్ కంప్యూటర్‌లో ఎందుకు మోగదు?

గల్ఫ్‌లో కష్టపడి సంపాదించిన డబ్బుతో హోం థియేటర్, దాంతోపాటు నాలుగైదు సరౌండ్ డిస్కులు తెచ్చుకున్న కుటుంబాలు కాళేశ్వరం, మహాదేవ్‌పూర్, భూపాలపల్లి వైపు కూడా ఉన్నాయి. ఇన్నేళ్ళకు ప్లేయర్ మూలకు పడుతుంది. పిల్లలు అదే డిస్క్ తీసి కంప్యూటర్‌లో పెడతారు. పాట రాదు, లేదా బుస్సుమనే శబ్దం వస్తుంది. "అబ్బా, ఇది ఖరాబైంది" అంటారు. పారేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. చాలాసార్లు డిస్క్ బాగానే ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది.

సరౌండ్ అంటే ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్. దీన్నే 5.1 అంటారు. ఇలాంటి ఆడియో డిస్కులు ముఖ్యంగా మూడు రకాలు. అట్ట మీద లోగో చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

మొదటిది డీటీఎస్ సీడీ. దీనికి తాళం లేదు. కానీ పాటను డీటీఎస్ పద్ధతిలో రాసి ఉంచుతారు. మామూలు ప్లేయర్‌కు ఆ భాష రాదు కాబట్టి బుస్సుమంటుంది. డీటీఎస్ తెలిసిన సాఫ్ట్‌వేర్ కావాలి, అంతే.

రెండోది డీవీడీ ఆడియో. 1999లో సినిమా డీవీడీల తాళాన్ని కొందరు విప్పేశారు. దాంతో కంపెనీలు భయపడి ఆడియో డిస్కులను ఆలస్యం చేసి, 2000లో సీపీపీఎం అనే గట్టి తాళంతో తెచ్చాయి. అసలు నాణ్యత ఉన్న పాట ఆడియో టీఎస్ అనే ఫోల్డర్‌లో, ఎక్కువగా ఈ తాళం కింద ఉంటుంది. 2002లో క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ ఆడిజీ 2 కార్డు తెచ్చాకే మామూలు కంప్యూటర్‌లో వీటిని వినే దారి దొరికింది. అయితే చాలా డిస్కుల్లో వీడియో టీఎస్ అనే ఇంకో ఫోల్డర్ కూడా ఉంటుంది. అందులో అవే పాటలు డాల్బీ లేదా డీటీఎస్‌లో ఉంటాయి. సినిమా డీవీడీ ఆడించే సాఫ్ట్‌వేర్‌తో వాటిని 5.1లోనే వినొచ్చు. నాణ్యత కొంచెం తగ్గుతుంది, అంతే తేడా.

మూడోది సూపర్ ఆడియో సీడీ. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చాయి. దీని తాళంచెవిని డిస్క్ మీద కంటికి కనిపించని గుంతల వెడల్పులో దాచారు. దాన్ని చదివే శక్తి కంప్యూటర్ డ్రైవ్‌కు లేదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వేసినా లాభం లేదు. "హైబ్రిడ్" అని రాసి ఉంటే మాత్రం లోపల మామూలు సీడీ పొర కూడా ఉంటుంది. అది కంప్యూటర్‌లో మోగుతుంది, కానీ రెండు స్పీకర్ల స్టీరియోలోనే. సరౌండ్ కావాలంటే సూపర్ ఆడియో సీడీ లోగో ఉన్న ప్లేయర్ వెతకాల్సిందే. సోనీ ప్లేస్టేషన్ 3 తొలి మోడళ్ళు కూడా ఆడించేవి, తర్వాతి వాటిలో ఆ సౌకర్యం తీసేశారు.

మరి తాళం తీసి కాపీ చేసుకోవచ్చా? మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. చట్టం స్పష్టంగా నిషేధించని పనికి తీస్తే మాత్రం మినహాయింపు ఉంది. సొంత వాడకానికి న్యాయమైన పరిధిలో వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. ఇంకో మాట చాలామందికి తెలియదు. వేరేవాళ్ళ కోసం తాళం తీసిపెట్టే వ్యక్తి ఆ మనిషి పేరు, అడ్రస్, ఎందుకోసం తీశాడో పూర్తిగా రాసి ఉంచాలి. షాపులో ఇచ్చి చేయించుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మితే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

పాత ప్లేయర్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. హెచ్‌డీఎంఐ లేని మోడళ్ళలో పూర్తి సరౌండ్ చాలావరకు ఆరు అనలాగ్ వైర్లతోనే వస్తుంది. మీ యాంప్లిఫయర్‌కు ఆ ఆరు రంధ్రాలు లేకపోతే పెట్టిన డబ్బు వృథా. ముందు ఇంట్లో డిస్కులన్నీ తీసి ఏది ఏ రకమో కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే బజారుకు వెళ్ళండి.